కొండ కింది ఊరికి చుట్టమా, గిరాకీయా?

రమ్మనేవాడు: బెంగళూరులో ఉద్యోగం చేసే దంపతులు గ్రీసు దీవిలో కొండ అంచున ఉన్న ఊరికి సెలవు మీద పోవాలంటే ఆర్నెల్ల ముందే లెక్కకు కూర్చుంటారు. వీసా రుసుమే మనిషికి 90 యూరోలు. ఏ నెలలో ఎండ తక్కువ, ఏ ఊళ్లో జనం తక్కువ, పడవ ఎన్ని గంటలకు, గది కిటికీ ఎటువైపు, అన్నీ ముందే ఆలోచిస్తారు. అదే దంపతులు నందికొండకు రావాలంటే శుక్రవారం రాత్రి పదకొండింటికి అనుకుంటారు, మూడున్నరకు కారు తీస్తారు, పొద్దుపొడుపు చూసి పది గంటలకల్లా మళ్లీ హైవే ఎక్కేస్తారు. కొండ ఎత్తు 1,478 మీటర్లు, బెంగళూరు నుంచి దూరం అరవై కిలోమీటర్లు. అంత దగ్గరగా ఉండడమే దానికి శాపమైంది. కొండ కింద ఏ ఊరు ఉందో కూడా వాళ్లకు తెలియదు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది అన్నా. మన కొండ ఊళ్ల తిప్పలు జనం రావడంతో వచ్చినవి కావు, వచ్చినవాళ్లు ఉండకపోవడంతో వచ్చినవి. రాత్రి ఉండే మనిషి గది అద్దె ఇస్తాడు, రాగిముద్ద తింటాడు, తోటలో ద్రాక్ష కొంటాడు, పక్క ఊరి గుడికి ఆటో మాట్లాడుకుంటాడు. పొద్దున వచ్చి పొద్దున్నే పోయేవాడు ఇచ్చేది పార్కింగు డబ్బు, వదిలేది నీళ్ల సీసా. సుల్తాన్‌పేట, కుడువతి, కళవార, ముద్దేనహళ్లి, గుడిబండ, కైవారం లాంటి ఊళ్లు తమ ఇళ్లలో రెండేసి గదులు అతిథులకు తెరవాలి. గ్రీసు ఊరికి ఎంత ఆలోచించి బయలుదేరతారో, ఇక్కడికీ అంత ఆలోచించి వచ్చేలా చేయాలి.

వద్దనేవాడు: ఉండడమంటే నీళ్లు వాడడం తమ్ముడూ. నువ్వు ఆ మాట ఎత్తలేదు. పెన్న, పాలారు, చిత్రావతి, పాపఘ్ని, అర్కావతి, దక్షిణ పినాకిని ఈ కొండల్లోనూ వీటి చుట్టుపక్కలా పుట్టినవే. బాగేపల్లి పక్కగా పోయే చిత్రావతి పుట్టపర్తి దాటి పెన్నలో కలుస్తుంది. ఇన్ని నదులకు పుట్టిల్లయిన మన చిక్కబళ్లాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటి లేదు. వేయి అడుగులు, పదిహేను వందల అడుగులు బోరు దించినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. పడిన చోట ఫ్లోరైడు. బాగేపల్లి, చింతామణి వైపు పళ్ల మీద గారలు, వంగని మోకాళ్లు ఎవరూ డాక్టరుకు చూపించి నిర్ధారించుకోవాల్సిన పని లేదు. భూగర్భజల శాఖ లెక్కల్లో ఇక్కడి తాలూకాల్లో చాలావాటిది అతివాడకం. చెరువులు నింపడానికి ఇప్పుడు హెబ్బాళ, నాగవార లోయల నుంచి బెంగళూరు మురుగును శుద్ధిచేసి పైపుల్లో పంపుతున్నారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కావాలని ఇక్కడి వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. ఆ నగరం స్నానం చేసిన నీళ్లు మాకు పంపుతోంది. ఇప్పుడు స్నానానికి మనుషుల్ని కూడా ఇక్కడికే పంపితే, మా బోరు నీళ్లు తోడి వాళ్లకు పోయాలా? చుట్టం వస్తే కాళ్లకు నీళ్లిచ్చే మర్యాద మాకూ తెలుసు. చెంబెడు ఇవ్వగలం. షవరు ఇవ్వలేం.

రమ్మనేవాడు: నీళ్ల సంగతి ఒప్పుకుంటాను. దాన్ని దాటేసి మాట్లాడేవాడికి ఈ జిల్లాలో నోరెత్తే హక్కు లేదు. అయితే లెక్క చివరిదాకా వేద్దాం. ఎకరా మల్బరీకి రెండంగుళాల తడి పెట్టామనుకోండి. అది సుమారు రెండు లక్షల లీటర్లు. అతిథి రోజుకు రెండు వందల లీటర్లు వాడతాడని ధారాళంగానే అనుకుందాం. ఒక్క తడి నీళ్లతో వెయ్యిమంది ఒక్కో రాత్రి ఉండి వెళ్లొచ్చు. డ్రిప్పు పెట్టి తడిని సగానికి తగ్గించినా ఐదు వందల మంది. ఆ ఒక్క తడి మీద వచ్చే పట్టుగూళ్ల ధర శిడ్లఘట్ట మార్కెట్లో ఏ రోజు ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి. టొమేటో సంగతి చింతామణి వాళ్లను అడగండి. ఒక వారం బంగారం, మరుసటి వారం రోడ్డు పక్కన కుప్ప. నీళ్లు కరువైన ఊరు ఒక్కో లీటరుకు ఎక్కువ డబ్బు తెచ్చే పని వెతుక్కోవడం పాపమా? వ్యవసాయం మానేయమని నేను అనడం లేదు. రెండెకరాల రైతు అర ఎకరం తడి తగ్గించుకుని, ఇంటి వెనక రెండు గదులు వేసుకుంటే బోరుకు కాస్త ఊపిరి అందుతుందని అంటున్నాను. పిల్లలు బెంగళూరుకు, దేవనహళ్లి విమానాశ్రయం చుట్టూ ఉన్న గోదాములకు పనికి పోవడం కూడా తగ్గవచ్చు.

వద్దనేవాడు: లెక్క బాగుంది. నీళ్లు లీటర్లలో కొలిచావు గాని, ఎవరి బోరులోంచి ఎవరు తోడతారన్నది కొలవలేదు. రెండెకరాల రైతు రెండు గదులు వేసుకోవడం నీ ఊహ. జరిగేది ఇది. కర్ణాటక భూసంస్కరణల చట్టంలో వ్యవసాయం చేయనివాళ్లు పొలం కొనకూడదన్న 79ఏ, 79బి సెక్షన్లను 2020లో ఎత్తేశారు. అప్పటి నుంచి కొండ కనిపించే ప్రతి మడిచెక్కకూ నగరం నుంచి గిరాకీ. కొన్నవాడు మొదట కంచె వేస్తాడు, తర్వాత నా బోరుకన్నా లోతుగా బోరు వేస్తాడు. నా నాలుగు వందల అడుగుల బోరు ఎండిపోవడానికి అతని అతిథులు ఎంతమందో లెక్క అక్కర్లేదు, ఒక్క ఈతకొలను చాలు. పొలానికి పెట్టిన తడిలో కొంతైనా తిరిగి నేలలోకి దిగుతుంది. దుప్పట్లు ఉతికిన సబ్బునీళ్లు సరిగా శుద్ధి చేయకపోతే పక్కవాడి కుంటలోకి దిగుతాయి. ఇంకోటి కూడా ఉంది. సెలవులు ఎప్పుడొస్తాయి? ఏప్రిల్, మే. చెరువు నెర్రెలిచ్చి, పంచాయతీ ట్యాంకరు కోసం ఆడవాళ్లు బిందెలు వరుసలో పెట్టే నెలలు. నీ వెయ్యిమంది అతిథులు కార్తీకంలో వానల వెనక వస్తే నేనూ కొంత మెత్తబడేవాణ్ని.

రమ్మనేవాడు: మీ మాటలోనే నాకు దారి కనిపిస్తోంది అన్నా. మీ కోపం అతిథి మీద కన్నా అమ్మకం మీద ఎక్కువ. ఇక్కడ ఆ గ్రీసు దీవినే సాక్ష్యానికి పిలుస్తాను. శాంటోరినిలో కొండ చరియను తొలిచి కట్టుకున్న ఊరు ఇయా. 1956 జూలై 9న వచ్చిన భూకంపానికి ఆ ఊరు కూలింది, చాలామంది వదిలిపెట్టి పోయారు. పాడుబడ్డ గుహ ఇళ్లు చవగ్గా దొరికే రోజులవి. 1970ల మధ్యలో గ్రీసు ప్రభుత్వ పర్యాటక సంస్థ పాత ఊళ్లను నిలబెట్టే కార్యక్రమం మొదలుపెట్టింది. ఇయాలోని ఇళ్లను కొనలేదు. కొన్నేళ్ల వాడకానికి యజమానుల దగ్గర తీసుకుంది, పాత పద్ధతిలోనే బాగుచేసి అతిథులకు ఇచ్చింది, గడువు తీరాక సొంతదార్లకే తిరిగి అప్పగించింది. వలసపోయిన ఊరు మళ్లీ నిలబడింది. గుడిబండలో, కైవారం చుట్టుపక్కల, బాగేపల్లి పాత పేటల్లో తాళం పడిన మట్టిమిద్దెలు, రాతిస్తంభాల పంచలు ఎన్ని లేవు? వాటిని అమ్మనక్కర్లేదు. పదేళ్ల ఒప్పందం మీద పంచాయతీయో, మహిళా సంఘాల సమాఖ్యో తీసుకుని బాగుచేసి నడపొచ్చు. కొత్త పునాది తవ్వే పనుండదు, కొత్త కంచె ఉండదు. పొలం పొలంగానే ఉంటుంది. భూమి మీద హక్కు ఊరిదై ఉన్నంతకాలం అతిథి అతిథిగానే ఉంటాడు. మీ భయమంతా అతను పక్కింటి యజమాని అవుతాడనే కదా.

వద్దనేవాడు: సాక్షిని నువ్వే పిలిచావు, అడ్డు ప్రశ్నలు నన్ను అడగనీ. ఆ తర్వాత ఆ దీవి ఏమైంది? నివాసులు పదిహేను వేల చిల్లర. 2023లో వచ్చిన జనం ముప్పై నాలుగు లక్షలని చెప్పుకున్నారు. సూర్యాస్తమయం చూడ్డానికి ఇయా సందుల్లో జనం కదల్లేని స్థితి. ఓడల్లో వచ్చేవాళ్లు రోజుకు 8,000 మించరాదని 2025 నుంచి హద్దు పెట్టారు. అదే ఏడు జూలై నుంచి రద్దీ నెలల్లో ఓడ ప్రయాణికుడికి 20 యూరోల రుసుము వేశారు. బడికి టీచరు, ఆసుపత్రికి డాక్టరు బదిలీ మీద వస్తే అద్దెకు ఇల్లు దొరకని దీవి అది. దొరికిన గది ప్రతిదీ పర్యాటకుడికే. సొంతదారుకు తిరిగి అప్పగించిన ఇల్లే కదా, ఆ సొంతదారే ఎక్కువ అద్దె ఇచ్చేవాడికి ఇచ్చాడు. హక్కు ఊరివాడి చేతిలో ఉంటే చాలునన్నావు. చేతిలో ఉండగానే ఊరు జారిపోయింది. ఇంకా వాళ్ల చుట్టూ సముద్రం ఉంది, ఉప్పు తీసిన నీళ్లు తాగి నెగ్గుకొస్తున్నారు. మనకు సముద్రం ఏది?

రమ్మనేవాడు: ఇది గట్టి దెబ్బే, తప్పించుకోను. అయితే ఆ దీవి హద్దు పెట్టింది ముప్పై నాలుగు లక్షలయ్యాక. మనం మొదటి వందమంది రాకముందే పెట్టుకోవచ్చు. హద్దు మనకు కొత్తేమీ కాదు. 2024 మొదట్లో కుమారపర్వతం దారిలో జనం కిక్కిరిసిపోయాక, అదే ఏడు అటవీశాఖ ట్రెక్కింగు దారులకు ఆన్‌లైన్ టికెట్టు పెట్టి, దారికి రోజుకు 300 మంది అని గీత గీసింది. స్కందగిరికి ఇప్పుడు ముందుగా టికెట్టు లేకుండా ఎవరూ ఎక్కలేరు, రాత్రి ఎక్కడం నిషేధం. ఒకప్పుడు చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని పాపాగ్ని మఠం వెనక నుంచి గుంపులు గుంపులుగా ఎక్కేవాళ్లు, పైన మంటలు వేసేవాళ్లు. ఆ రోజులు పోయాయి. నందికొండ కథ ఇంకా స్పష్టం. 2021 ఆగస్టులో భారీ వానకు చరియలు జారి రోడ్డు తెగింది, కొండ డిసెంబరు దాకా తెరుచుకోలేదు. అంతకన్నా పెద్ద హెచ్చరిక ఏం కావాలి? దానికి జవాబుగా ప్రభుత్వం తెచ్చింది మూడు కిలోమీటర్ల రోప్‌వే. 2023 మార్చిలో శంకుస్థాపన చేశారు. కొండ మీదికి కార్లు తగ్గించడానికి అది పనికొస్తుందేమో గాని, జనాన్ని పైకి తీసుకుపోయి కిందకు దించడం తప్ప కింద ఊళ్లో నిలిపేది కాదు. నేను అడిగేది తీగ కింద నడిచే ఊరి గురించి.

వద్దనేవాడు: హద్దు అటవీశాఖ గీస్తే నిలుస్తుంది, ఎందుకంటే గేటు వాళ్లది, లాఠీ వాళ్లది. ఊరి హద్దు ఎవరు గీస్తారు? పంచాయతీ సభ్యుడి బావమరిదికే ఆరు గదుల ఇల్లుంటే?

రమ్మనేవాడు: ఉంటుంది. ఆ ప్రమాదం లేదని చెప్పను. అయితే మీరు వద్దన్నంత మాత్రాన కొండ కింద ఏమీ జరగకుండా ఆగదు కదా. కొండకు విలువ కట్టేవాళ్లలో అతిథి ఒకడు. రెండోవాడు క్రషరు. చుట్టూ కొండలు కంకరగా మారి లారీలెక్కి బెంగళూరు పునాదుల్లోకి పోతున్నాయి. 2021 ఫిబ్రవరిలో పెరేసంద్ర దగ్గర హిరేనాగవల్లి వద్ద క్వారీకోసం దాచిన జిలెటిన్ పేలి ఆరుగురు పోయారు. పేలుడుకు మిద్దెల గోడలు బీటలు వారాయని, దుమ్ముకు పంట ఎండిందని అర్జీలు పెట్టుకునే ఊళ్లకు ఒక్కటే జవాబు వస్తుంది, మీ బండకు వేరే ఆదాయం ఏముందని. కొండ కొండలా నిలబడి ఉంటేనే డబ్బులొస్తాయని చూపించగలిగితే, ఆ ప్రశ్నకు ఊరి దగ్గర జవాబు ఉంటుంది. ఆవులబెట్ట మీద లక్ష్మీనరసింహస్వామి గుడికీ, గుడిబండలో పాలెగాడు బైరేగౌడ కోటకూ, కింద అమానీ బైరసాగరం చెరువుకూ జనం వచ్చేది బండ చెక్కుచెదరకుండా ఉండబట్టే. అతిథి నీళ్లు వాడతాడు, కంకర లారీ కొండనే వాడుకుంటుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే?

వద్దనేవాడు: క్రషరు మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ విషయంలో నీ వైపే. కానీ రెండిట్లో ఒకటి అని ఎందుకు? మనకు మూడోది వాడుకలోనే ఉంది. నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడి తొమ్మిదో శతాబ్దం నాటిది. శివరాత్రి జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచి, హిందూపురం నుంచి జనం వస్తారు, బండ్లు కడతారు, అరుగుల మీద పడుకుంటారు, పోతారు. ఊరు తట్టుకుంటుంది, ఎందుకంటే అది ఏడాదికి ఒక్కసారి. కైవారం చూడు. తెలుగులో, కన్నడలో తత్వాలు పాడిన తాతయ్య, యోగి నారేయణ, అక్కడివారు. గురుపూర్ణిమ సంగీతోత్సవానికి మన తెలుగు పల్లెల భజన బృందాలు వస్తాయి, ఆశ్రమంలో అన్నం తింటాయి, బసచేస్తాయి. వాళ్లెవరికీ కిటికీ ఎటువైపో అక్కర్లేదు. వచ్చిన పని వేరు కాబట్టి వాళ్ల బరువు వేరు. మొక్కుకో, పాటకో వచ్చినవాడు ఊరి పద్ధతికి ఒదుగుతాడు. సెలవుకు వచ్చినవాడు తన పద్ధతికి ఊరిని ఒదగమంటాడు. పట్టుపురుగులు పెంచే ఇంటి సంగతి నీకు తెలుసు. పరాయివాడు లోపలికి అడుగుపెట్టకూడదు, సెంటు వాసన తగలకూడదు, దోమల బిళ్ల పొగ పోకూడదు. పురుగు నాలుగో జ్వరం, అంటే నాలుగో కుబుసం, దాటి మేత మీద ఉండగా ఆ ఇంటి ఆడమనిషికి నిద్రే ఉండదు. ఆమెనే కదా నీ అతిథికి పితికిపప్పు వండి, దుప్పటి మార్చి, నవ్వుతూ నమస్కారం పెట్టమంటావు?

రమ్మనేవాడు: ఆ పని ఆమె మీద పడుతుందన్నది నిజం. జీతం లేని పనిగా పడితే నా వాదన అంతా వట్టిపోతుంది. గది అద్దె ఇంటి మగవాడి ఖాతాలో కాక ఆమె పేరున, సంఘం ఖాతాలో పడాలన్నది నేను మొదటి షరతుగానే పెడతాను. పురుగుల ఇల్లున్నవాళ్లు అసలు గదులు పెట్టకపోవడమే మంచిది. అయితే మొక్కుకు వచ్చినవాడు ఒదుగుతాడు, సెలవుకు వచ్చినవాడు ఒదగడు అన్న గీత నాకు నిలబడేలా లేదు. 2023 జనవరిలో ఆవలగుర్కి దగ్గర 112 అడుగుల ఆదియోగి విగ్రహం ఆవిష్కరించినప్పటి నుంచి చిక్కబళ్లాపురం రోడ్డు మీద వారాంతాల్లో వచ్చే కార్లు భక్తివా, విహారానివా? ఎవరు విడదీయగలరు? ఆవిష్కరణకు ముందే నందికొండ పాదాల పర్యావరణం గురించి హైకోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది. దేవుడి పేరున వచ్చినా కారు కారే, సీసా సీసాయే. మీ జాతర తట్టుకోగలిగింది ఊరికి దాని తేదీ ముందే తెలుసు కనుక. బండ్లు ఎక్కడ ఆపాలి, నీళ్లు ఎవరు పోయాలి, పొయ్యి ఎవరిది, అన్నీ తరాలుగా కుదిరి ఉన్నాయి. నేను అడిగేదీ అదే కుదుర్పు. గ్రీసుకు పోయేవాడు వేసుకునే ప్లాను అతని సగం. ఊరు వేసుకునే ప్లాను రెండో సగం, దాన్ని ఇంతవరకు ఎవరూ వేయలేదు.

వద్దనేవాడు: వేసుకుందాం, నా షరతులతో. భూమి అమ్మకం ఉండకూడదు. మా తమ్ముడు అమ్మినా నేను అడ్డు నిలబడతాను. కొత్త బోరు ఉండకూడదు, ఈతకొలను ఉండకూడదు. ఏ ఏడు చెరువు నిండదో ఆ ఏడు మార్చి నుంచి జూన్ దాకా గదులకు తాళం. ఆ తాళం ఎవరి చేతిలో ఉండాలో గ్రామసభ చెప్పాలి, పర్యాటక శాఖ కాదు. వీటికి నువ్వు ఒప్పుకున్నా, నాకు నమ్మకం కుదిరిందని రాసుకోకు. పైవాళ్ల తీరూ చూశాం. 2025 జూలైలో నందికొండ మీద మంత్రివర్గం కూర్చుని బాగేపల్లి పేరు భాగ్యనగర అని మార్చాలని నిర్ణయించింది. పేరుతో భాగ్యం వస్తే ఎప్పుడో వచ్చేది.

రమ్మనేవాడు: తాళం గ్రామసభ చేతిలో అన్నదానికి ఒప్పుకుంటాను. కొత్త బోరు వద్దన్నదానికీ ఒప్పుకుంటాను. నాలుగు నెలల మూత మాత్రం కష్టం. అప్పు తెచ్చి గది బాగుచేసుకున్న ఇల్లాలు ఆ నాలుగు నెలల కంతు ఏం పెట్టి కడుతుంది? ఆ లెక్క తేలేదాకా మీ షరతు సగమే షరతు.

వద్దనేవాడు: తేలదు, నీళ్లొచ్చేదాకా. ఎత్తినహొళె ఏటి నీళ్లు ఇక్కడికి తెస్తామని ముద్దేనహళ్లి దగ్గర శంకుస్థాపన చేసింది 2014 మార్చిలో. సకలేశపుర వైపు మొదటి దశ ప్రారంభమైంది 2024 సెప్టెంబరులో. అందుకే వచ్చేవాళ్లకు నాది ఒక్కటే విన్నపం. శనివారం తెల్లవారుజామున రావద్దు. కార్తీకంలో, చెరువు నిండిన ఏడు, వారం మధ్యలో రండి, ముందు ఉత్తరం రాసి రండి, తాగే నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకోండి.